క్యాన్ నీళ్లు మానేసి ఇంటి కుళాయి నీళ్లకు మారడం ఎలా?

తాగడానికి 20 లీటర్ల క్యాన్, ప్రయాణానికి లీటరు బాటిల్, మిగతా అవసరాలన్నిటికీ కుళాయి. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లోనే కాక ఇప్పుడు చాలా పల్లెల్లో కూడా నీళ్ల వాడకం ఇలాగే స్థిరపడింది. హైదరాబాదుకు కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి గొట్టాల్లో తెచ్చి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి ఇళ్లకు పంపుతుంటే, వాటితో గిన్నెలు కడుక్కుని, తాగడానికి మాత్రం వీధి చివరి ప్లాంటులో బోరు నీళ్లను వడగట్టి నింపిన క్యాన్ కొనుక్కుంటున్నాం. ఈ అలవాటు మార్చుకోవాలనుకునే కుటుంబం ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులో వరుస చాలా ముఖ్యం. ఎక్కువమంది ముందు ఫిల్టరు కొంటారు, ఆ తర్వాత నీళ్ల సంగతి ఆలోచిస్తారు. దానివల్ల అవసరం లేని యంత్రానికి డబ్బు పోతుంది, అవసరమైన జాగ్రత్త మాత్రం మిగిలిపోతుంది.

క్యాన్ నీళ్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ప్యాకేజీ తాగునీటి నాణ్యత ప్రమాణమైన ఐఎస్ 14543 ముద్ర, ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య ఉండి, మూతకు సీలు చెక్కుచెదరకుండా ఉన్న క్యాన్‌కు కనీసం అడగడానికి ఒక యజమాని ఉంటాడు. కానీ 'మినరల్ వాటర్' పేరుతో ఇంటికి వచ్చే క్యాన్లలో చాలా వాటికి ఈ ముద్రలేవీ ఉండవు. అవి ఎన్నిసార్లు నింపినవో, మధ్యలో ఎలా కడిగినవో, ఎంతసేపు ఆటోలో ఎండకు ఉన్నవో మనకు తెలిసే దారి లేదు. రోజుకు ఒక క్యాన్ చొప్పున, క్యాన్ 30 రూపాయలనుకుంటే, ఏడాదికి దాదాపు 11,000 రూపాయలవుతుంది. ప్లాస్టిక్ సంగతి వేరే ఉంది. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో అమ్మే బాటిల్ నీళ్లను పరీక్షించి, లీటరుకు సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ కణాలు ఉన్నాయని, వాటిలో దాదాపు 90 శాతం నానో పరిమాణంలోనివని వెల్లడించారు. వాటి వల్ల ఆరోగ్యానికి ఎంత హాని అన్నది శాస్త్రం ఇంకా తేల్చవలసి ఉంది. తేలేదాకా రోజూ తాగుతూ కూర్చోవలసిన అవసరం మాత్రం లేదని నా అభిప్రాయం.

మొదటి పని: మీ కుళాయిలోకి ఏ నీళ్లు వస్తున్నాయో కనుక్కోండి

'మాకు మున్సిపల్ కనెక్షన్ ఉంది' అనుకోవడంతో ఈ ప్రశ్న తీరదు. అపార్ట్‌మెంటుల్లో తరచుగా జరిగేదేమిటంటే, జలమండలి (హైదరాబాదు నీటి సరఫరా సంస్థ) నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడి, అక్కడి నుంచి పై ట్యాంకుకు ఎక్కుతాయి. అంటే వంటగది కుళాయిలో సోమవారం వచ్చిన నీళ్లకు, గురువారం వచ్చిన నీళ్లకు పోలిక ఉండకపోవచ్చు. వాచ్‌మన్‌నో, అసోసియేషన్ కార్యదర్శినో అడిగి, ఏ నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో తెలుసుకోండి. హైదరాబాదులో కొన్ని భవనాల వంటగదుల్లో 'మంజీరా కుళాయి' అని విడిగా ఒకటి ఉంటుంది. ఇప్పుడు అందులో వచ్చేది కృష్ణా నీరైనా, గోదావరి నీరైనా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. మీ ఇంట్లో అలాంటి కుళాయి ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే, జలమండలి నీళ్లకు విడిగా చిన్న ట్యాంకు పెట్టి, దాని నుంచి ఒక్కో వంటగదికి ఒక గొట్టం వేయించే ప్రతిపాదనను అసోసియేషన్ సమావేశంలో పెట్టండి. ఒక్కో ఇంటికీ ఒక్కో ఆర్‌ఓ యంత్రం (సన్నని పొర గుండా నీళ్లను నెట్టి లవణాలను తీసేది), దాని ఏటేటా సర్వీసు ఖర్చు కంటే, అందరూ కలిసి ఒక్కసారి పెట్టే ఈ ఖర్చు సాధారణంగా తక్కువే అవుతుంది.

తెలంగాణ పల్లెల్లో 2016 నుంచి మొదలైన మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, రుచి అలవాటు కాలేదనో, క్లోరిన్ వాసన వస్తోందనో మళ్లీ బోరు నీళ్లకో, క్యాన్‌కో వెళ్తున్న ఇళ్లు ఉన్నాయి. ముఖ్యంగా తెలంగాణలో నల్గొండ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఉన్నవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. అక్కడి బోరు నీళ్లు ఎంత తేటగా, ఎంత తియ్యగా ఉన్నా, పరీక్ష చేయించకుండా తాగకూడదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు దాని మోతాదు ఇంకా పెరుగుతుంది.

రెండో పని: పరీక్ష చేయించండి

ఈ పనిని దాటవేయాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి దాటవేయకండి, ఎందుకంటే తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయమూ దీని మీదే ఆధారపడుతుంది.

ముందుగా ఏది పరీక్ష కాదో చెప్పాలి. ఫిల్టరు అమ్మడానికి ఇంటికి వచ్చే వ్యక్తి రెండు గ్లాసులు తీసుకుని, ఒకదానిలో మీ కుళాయి నీళ్లు, రెండోదానిలో తన యంత్రం నుంచి వచ్చిన నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని వాటిలో ముంచి స్విచ్ వేస్తాడు. కాసేపట్లో కుళాయి నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి కనిపిస్తాయి. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. చూసినవారికి భయం వేయడం సహజం. నిజానికి ఆ మడ్డి నీళ్లది కాదు. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా మారుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి కడ్డీ కరగదు. రెండో గ్లాసులో కూడా చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అదీ అదే రంగుకు తిరుగుతుంది.

టీడీఎస్ మీటరు మాత్రం పనికొచ్చే వస్తువే. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అది పీపీఎంలలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో, చూపిస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 వరకు అంగీకారయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 వరకు అనుమతి ఉంది. నదుల నుంచి శుద్ధి చేసి ఇచ్చే నీళ్లు సాధారణంగా 500 లోపే ఉంటాయి, బోరు నీళ్లు చాలా ప్రాంతాల్లో అంతకు మించిపోతాయి. అయితే ఈ మీటరుకు బాక్టీరియా కనిపించదు, ఫ్లోరైడ్ విడిగా కనిపించదు. మీటరు 400 చూపించిన నీళ్లలో ప్రమాదకరమైన మోతాదులో ఫ్లోరైడ్ ఉండవచ్చు, 150 చూపించిన నీళ్లలో మురుగు కలిసి ఉండవచ్చు. కాబట్టి అంకె తక్కువగా ఉంటే మంచి నీళ్లు, ఎక్కువగా ఉంటే చెడ్డ నీళ్లు అన్న లెక్కను మనసులోంచి తీసేయండి.

బాక్టీరియా కోసం హెచ్‌2ఎస్ సీసా అనే చిన్న పరీక్ష ఉంది. రసాయనం పూసిన ఆ సీసాలో గీత వరకు నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చని గదిలో 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలసంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు నీళ్లు నల్లబడతాయి. మూడు సీసాలు తెచ్చుకుని, ఒకటి వీధి కనెక్షన్ నుంచి నేరుగా పట్టిన నీళ్లతో, రెండోది వంటగది కుళాయి నీళ్లతో, మూడోది మీరు ఇప్పుడు తాగుతున్న క్యాన్ నీళ్లతో నింపి పక్కపక్కన పెట్టండి. వీధి కనెక్షన్ నీళ్లు తేటగా ఉండి వంటగది నీళ్లు నల్లబడితే, లోపం సరఫరాలో లేదు, మీ సంపులోనో ట్యాంకులోనో ఉందన్నమాట. క్యాన్ సీసా ఎలా ఉందో కూడా ఇంట్లో అందరికీ చూపించండి.

రసాయన పరీక్షలకు ప్రయోగశాలకే వెళ్లాలి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్ష ప్రయోగశాలలు ఉన్నాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో భాగంగా వాటిని సామాన్య ప్రజలకు కూడా నామమాత్రపు రుసుముతో అందుబాటులోకి తెచ్చారు. టీడీఎస్, కాఠిన్యం, పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, ఈ.కోలి (మలకాలుష్యాన్ని పట్టిచ్చే బాక్టీరియా) పరీక్షలు చేయమని అడగండి. నివేదిక చేతికి వచ్చాక చూడవలసిన అంకెలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో, ఇవి: ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే ఆ నీళ్లు తాగకూడదు. నైట్రేట్ 45 దాటకూడదు. కాఠిన్యం 200 వరకు మంచిది, 600 దాటకూడదు. ఈ.కోలి అసలు ఉండకూడదు. సరఫరా నీళ్లయితే కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ వాసనను చాలామంది దోషంగా భావిస్తారు గానీ, ప్లాంటు నుంచి మీ గ్లాసు వరకు దారిలో కలిసే సూక్ష్మజీవులను అడ్డుకునేది ఆ మిగిలిన క్లోరినే.

మూడో పని: సంపు, ట్యాంకు

రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే ఊళ్లలో నిల్వ తప్పదు, నీళ్లు పాడయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. సంపు మూత నేల మట్టానికి సమానంగా ఉంటే వానకు వాకిలి నీళ్లన్నీ లోపలికే పోతాయి. చుట్టూ గట్టు కట్టించి మూతను ఎత్తులోకి తేవాలి. డ్రైనేజీ ఛాంబరు సంపును ఆనుకుని ఉంటే, పగుళ్లున్నాయేమో చూపించాలి. పై ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి, ఓవర్‌ఫ్లో గొట్టానికి జాలీ కట్టాలి.

ఆరు నెలలకొకసారి రెండింటినీ కడిగించండి. అడుగు మడ్డి తీసి, గోడలు రుద్ది, ఆ నీళ్లు పూర్తిగా వదిలేసిన తర్వాత, ప్రతి 1,000 లీటర్లకు సుమారు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరును బక్కెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట నీటిని మాత్రమే ట్యాంకులో పోసి నింపాలి. ఒక్కో కుళాయిని వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, ఆ రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు అంతా ఖాళీ చేసి మంచి నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు తాగకూడదని భవనంలో అందరికీ ముందే చెప్పండి. ఇంట్లో ఇప్పటికే ఆర్‌ఓ యంత్రం ఉంటే దాని వాల్వు కట్టేయడం మరవకండి, అంత క్లోరిన్ తగిలితే పొర పాడవుతుంది.

నాలుగో పని: ఎంత అవసరమో అంతే శుద్ధి

ఇప్పుడు ఫిల్టరు. మీ పరీక్ష నివేదికలో టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ పరిమితిలో ఉంటే మీకు ఆర్‌ఓ అవసరం లేదు. ఈ మాటను దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఇంటి ఆర్‌ఓ యంత్రాలు చాలావరకు ఒక లీటరు మంచి నీరిచ్చి రెండు, మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. ఒంటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా చాలావరకు ఆ వదిలే నీటిలోనే పోతాయి. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్రాన్ని ఆదేశించింది కూడా. అలాంటి ఇంటికి కార్బన్, యూఎఫ్ పొర (అతి సన్నని రంధ్రాల జల్లెడ లాంటిది) ఉన్న ఫిల్టరు సరిపోతుంది. కార్బన్ క్లోరిన్ వాసనను తీస్తుంది, యూఎఫ్ పొర బాక్టీరియాను ఆపుతుంది, కరెంటు అక్కర్లేదు. యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, ఉన్నదైనా మంచిదే గానీ, నీళ్లు తేటగా ఉంటేనే ఆ కాంతి పనిచేస్తుంది, కరెంటు లేకపోతే ఏమీ చేయదు. ఏ యంత్రమూ కొనకుండా, వడగట్టి మరిగించుకున్నా చాలు. నీళ్లు బాగా కుతకుతలాడడం మొదలైన తర్వాత ఒక నిమిషం ఉంచితే సూక్ష్మజీవులు చస్తాయి.

తాగడానికి బోరు తప్ప వేరే దారి లేనివారికి, టీడీఎస్ ఎక్కువగా ఉన్నవారికి, ఫ్లోరైడ్, నైట్రేట్ పరిమితి దాటినవారికి ఆర్‌ఓ కావాలి. అలాంటివారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రుచి కోసమని చాలా యంత్రాల్లో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది, అది పొర గుండా వెళ్లని నీళ్లను కొంచెం తిరిగి మంచి నీళ్లలో కలుపుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఆ మరను తెరిస్తే, తీసేసిన ఫ్లోరైడ్‌లో కొంత మళ్లీ గ్లాసులోకి వచ్చినట్టే. బిగించడానికి వచ్చిన మెకానిక్ చేత దాన్ని పూర్తిగా కట్టించి, యంత్రం నుంచి వచ్చే నీళ్లను కూడా ఒకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. బయటికి పోయే నీళ్లను బక్కెట్టులో పట్టి నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. లవణాలు చిక్కగా ఉంటాయి కాబట్టి మొక్కలకు రోజూ పోయకండి.

ఫిల్టరు కొనడంతో పని ముగియదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. మార్చని ఫిల్టరు మురికిని పట్టి ఉంచే గూడుగా మారుతుంది. బిగించిన రోజే ఫిల్టరు లోపలి కార్ట్రిడ్జి మీద తేదీ రాయండి. మడ్డిని ఆపే ఫిల్టరును దాదాపు ఆరు నెలలకు, కార్బన్‌ను ఆరు నెలల నుంచి ఏడాదికి, నీళ్ల తీరును బట్టి మార్చవలసి వస్తుంది. ఆర్‌ఓ పొరకు మాత్రం సర్వీసు మనిషి మాటను కాకుండా మీ టీడీఎస్ మీటరును నమ్మండి. లోపలికి వెళ్లే నీళ్ల అంకెతో పోలిస్తే తాగడానికి వచ్చే నీళ్ల అంకెలో తగ్గుదల 80 శాతం కంటే తక్కువకు పడిపోతే, కంట్రోలర్ కట్టే ఉన్నదని చూసుకున్నాక, పొర మార్చే సమయం వచ్చిందని తెలుసుకోవచ్చు. ఊరికి వెళ్లి నాలుగైదు రోజుల తర్వాత వస్తే, ఫిల్టరు ట్యాంకులో నిలిచిన నీళ్లు వదిలేసి కొత్తగా పట్టుకోండి.

కార్బన్ గుండా వచ్చిన నీళ్లలో క్లోరిన్ ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. అంటే వడగట్టిన నీళ్లకు ఇక రక్షణ లేదు. కాబట్టి ఏ రోజు నీళ్లు ఆ రోజే పట్టి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోనో, మూత ఉన్న మట్టి కుండలోనో ఉంచి, మర్నాడు ఖాళీ చేసి కడిగి మళ్లీ నింపాలి. కుండలో చెయ్యి పెట్టకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. క్యాన్ నీళ్ల చప్పిడి రుచికి అలవాటు పడిన పిల్లలు మొదట్లో కుళాయి నీళ్లు వద్దంటారు. వేసవిలో కొత్త కుండలో పోసి ఇస్తే ఆ గొడవ చాలా త్వరగా తీరుతుంది. ఇంటికి వచ్చే క్యాన్లను ఒక్కసారిగా ఆపకుండా, మొదటి రెండు వారాలు వంటకు పూర్తిగా కుళాయి నీళ్లు వాడి, తర్వాత తాగడానికి మారితే పెద్దవారికి కూడా ఇబ్బంది ఉండదు.

ఐదో పని: సీసా

రోజూ వాడే సీసాకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. వెడల్పు మూతి ఉన్నదే కొనండి, చెయ్యి గానీ బ్రష్షు గానీ అడుగు వరకు వెళ్లకపోతే నాలుగు రోజుల్లో లోపల జిగట పడుతుంది. మూత లోపల ఉండే రబ్బరు వాషరును వారానికొకసారి ఊడదీసి చూడండి, నల్లని బూజు పట్టేది అక్కడే. వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, మూత తీసి బోర్లించి ఆరబెట్టాలి. రాగి సీసా వాడేవారు అందులో మజ్జిగ, నిమ్మరసం పోయకూడదు, పులుపు తగిలితే రాగి కరిగి నీళ్లలోకి వస్తుంది. కొన్న నీళ్ల బాటిళ్లను దాచి మళ్లీ మళ్లీ నింపుకోవడం పొదుపులా కనిపిస్తుంది గానీ, ఆ పలుచని ప్లాస్టిక్ గీతలు పడి అరుగుతుంది, ఆ సన్నని మూతి గుండా దాన్ని సరిగా కడగడం సాధ్యం కాదు.

ప్రయాణాల్లో మనిషికి ఒక లీటరు సీసా, కుటుంబానికి అదనంగా ఒక పెద్ద స్టీలు క్యాను తీసుకెళ్తే ఒక పూట రైలు ప్రయాణం కొనకుండా గడుస్తుంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లను నిషేధించి, దేవస్థానం వారు కొండ మీద అనేక చోట్ల 'జలప్రసాదం' పేరుతో శుద్ధి చేసిన నీళ్లు ఉచితంగా పట్టుకునే ఏర్పాటు చేశారు. అంతమంది యాత్రికులు వచ్చే చోట అది సాధ్యమైనప్పుడు, మన ఆఫీసుల్లో, కాలేజీల్లో ఎందుకు సాధ్యం కాదని అడగవలసినవాళ్లం మనమే.

ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఇదంతా మరిచిపోతాం. విస్తరికొక చిన్న బాటిల్ పెట్టడం మర్యాద అయిపోయింది. భోజనాలయ్యాక చూస్తే బల్లల కింద సగం తాగి వదిలేసిన బాటిళ్లే ఉంటాయి. క్యాటరింగ్ వారితో మాట్లాడేటప్పుడే స్టీలు గ్లాసులు, కుళాయి ఉన్న డ్రమ్ములు కావాలని, పంక్తికి ఇద్దరు జగ్గులతో మంచినీళ్లు పోస్తూ తిరగాలని ఒప్పందంలో చేర్చండి. పిలిచి, అడిగి పోసే నీళ్లను ఏ అతిథీ తక్కువ మర్యాదగా భావించడు.

నీళ్లు చెడిన రోజున

గొట్టాల మరమ్మతు జరిగిన తర్వాత, తొలకరి వానలకు, వరదలు వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు నీళ్లు మట్టి రంగులో రావచ్చు. మొదట వచ్చే నీళ్లను సంపులోకి పోనివ్వకుండా బయటికి వదిలేయండి, తేటపడ్డాక పట్టుకుని, పలుచని గుడ్డతో వడగట్టి, ఎంత మంచి ఫిల్టరు ఉన్నా ఆ రోజులకు మరిగించే తాగండి. మురుగు వాసన వస్తే మాత్రం మరిగించి సరిపెట్టుకోకూడదు. సంపు వాల్వు కట్టేసి, వెంటనే జలమండలికో, మున్సిపాలిటీకో, పంచాయతీకో ఫిర్యాదు చేసి, సంఖ్య రాసుకుని, పక్కిళ్లవారికి కూడా చెప్పండి. లోపం సరిచేశాక సంపు కడిగించి, హెచ్‌2ఎస్ సీసాతో మరోసారి పరీక్షించే వరకు సీలు, ముద్ర ఉన్న క్యాన్ తెప్పించుకోవడంలో తప్పేమీ లేదు.